మూసీ వరదలో సరోజినీదేవి

హైదరాబాదు నగరమునకు పడమట గచ్చిబౌలిలో నేడు కంప్యూటరు కంపెనీల మేడలు బారులు తీరియున్నవి. మన పల్లెలనుండి వెళ్లిన బిడ్డలనేకులు అక్కడ పని చేయుచున్నారు. ఆ దాపుననే హైదరాబాదు విశ్వవిద్యాలయము కలదు. 1974లో ఆ విశ్వవిద్యాలయము మొదట ప్రారంభమైనది సరోజినీ నాయుడుగారి ఇంటిలోనే. ఆమెను కవయిత్రిగా అందరు ఎరుగుదురు. వరదలో సర్వము పోగొట్టుకొనినవారికి తోడుగా నిలిచిన తల్లిగా ఎరిగినవారు కొద్దిమందియే.

ఆమె 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో ఒక బెంగాలీ కుటుంబమున జన్మించెను. పండ్రెండేండ్లకే మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గెను. నిజాము ప్రభువు ఇచ్చిన విద్యార్థివేతనముతో ఇంగ్లాండులో చదివెను. 1898లో తెలుగువాడైన డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిని కులభేదమెంచక వివాహమాడెను. మద్రాసులో ఆ పెండ్లి జరిపించినవారు వీరేశలింగము పంతులుగారు. నలుగురు బిడ్డలు కలిగిరి. ఆమె శరీరము మాత్రము ఎల్లప్పుడు బలహీనమే.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరముమీద పడెను. వంతెనలు కొట్టుకొనిపోయెను. సుమారు 15,000 మంది చనిపోయిరని అంచనా. అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు దిగినవారికి ఇల్లు లేదు, కూడు లేదు. అనేకులకు తమవారును లేరు.

అప్పుడు సరోజినీదేవి వయస్సు ఇరువదితొమ్మిది. బలహీనురాలనని ఇంట కూర్చుండినయెడల ఎవరును తప్పుపట్టియుండరు. అయినను ఆమె సహాయకార్యములో దిగెను. అమీనా హైదరీగారి వంటి స్త్రీలును పాటుపడిరి. ఆ సేవకు బ్రిటిషు ప్రభుత్వము ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకమిచ్చెను. 1919లో జలియన్‌వాలాబాగులో జనులను కాల్చి చంపినందుకు నిరసనగా ఆమె దానిని తిరిగి ఇచ్చివేసెను. పతకము పోయెను గాని చేసిన సేవ పోలేదు. 1949 మార్చి 2న ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉండగానే ఆమె కన్నుమూసెను.

మూసీ వరదల నాపుటకు 1920లో గండిపేట చెరువు కట్టిరి. అయినను 2020 అక్టోబరు వానలకు నగరములో అనేక పేటలు మునిగెను. కావున ఇట్టి సేవ అవసరము తీరలేదు. నేడు ఆ భారము విశేషముగా మన నర్సులది. గాయములు కడిగి కట్టుట, కాచిన నీరే త్రాగుడని చెప్పుట, విరేచనములు పట్టుకొనిన బిడ్డకు వెంటనే ఓఆర్‌ఎస్ నీరు పట్టించుట, గర్భిణులను, వృద్ధులను ముందుగా చూచుట వారి పని. అంతటితో తీరదు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లిని బలవంతముగా మాటలాడింపక ప్రక్కన కూర్చుండవలెను. ఆమె చెప్పినప్పుడు వినవలెను. తప్పిపోయినవారిని వెదకుటకు తోడ్పడవలెను. వారములు గడచినను నిద్రపట్టనివారిని, అన్నము ముట్టనివారిని వైద్యునియొద్దకు తీసికొని పోవలెను.

మన ప్రభువు చెప్పిన ఉపమానములోని సమరయుడు గాయములు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్ల యింటికి తీసికొనిపోయి పరామర్శించెను. మరల వచ్చెదనని మాట ఇచ్చెను. నీరు తీసిన పిమ్మట చూడవచ్చినవారందరు ఇండ్లకు మరలుదురు. బాధితునికి అసలు కష్టము అప్పుడే ఆరంభమగును. నర్సు చదువు చదువుచున్న మన సంఘపు ఆడబిడ్డలారా, ఆ దినమున మరల వచ్చువారు మీరై యుండుడి.