సైన్యం కన్నా ముందు షోయబుల్లా

హైదరాబాద్ పోలీసు చర్య ప్రస్తావన వస్తే మా సైనికులం ముందు తేదీలు చెబుతాం. 1948 సెప్టెంబర్ 13న దళాలు కదిలాయి. షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, విజయవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వం వహించారు. 17 సాయంత్రానికి కాల్పులు ఆగాయి. మర్నాడు నిజాం సేనాధిపతి ఎల్ ఎడ్రూస్ లొంగిపోయాడు. శిక్షణ రోజుల్లో మేం మ్యాపు మీద గీసుకున్న బాణాలు అక్కడితో అయిపోయేవి. ఆగస్టు 22 అనే తేదీ మాత్రం ఆ పాఠంలో ఉండేది కాదు. ఆ తెల్లవారుజామున ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కన్నుమూశారు. ఆయనకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

షోయబుల్లా 1920 అక్టోబర్ 17న ఓరుగల్లు ప్రాంతంలోని మహబూబాబాద్ సమీపంలో పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్ నిజాం రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల మధ్య పెరిగి, రిటైరయ్యాక మళ్లీ అక్కడికే చేరిన నాకు ఈ వివరం ప్రత్యేకంగా తోస్తుంది. రైల్వే ఊళ్లో గోడకు అటూ ఇటూ వేరే భాష, వేరే మతం ఉంటాయి. కుళాయి మాత్రం ఒక్కటే. సర్దుకుపోవడం అక్కడ ఆదర్శం కాదు, రోజువారీ అవసరం. షోయబుల్లా బాల్యం కచ్చితంగా ఇలాగే గడిచిందని నేననను. కానీ ఆయన రాతల దిశ నాకు కొత్తగా అనిపించదు.

ఉస్మానియాలో పట్టా పుచ్చుకున్న యువకుడికి నిజాం కొలువులో మంచి ఉద్యోగం దొరికేదే. ఆయన పత్రికల్లోకి వెళ్లారు. మొదట ‘తేజ్’లో పనిచేశారు. దాన్ని ప్రభుత్వం నిషేధించింది. తర్వాత మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’లో చేరారు. దానికీ అదే గతి పట్టింది. అప్పుడు బూర్గుల రామకృష్ణారావు వంటి వారి అండతో సొంతంగా పత్రిక పెట్టారు. 1947 నవంబర్ 15న తొలి సంచిక వచ్చింది. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం.

సరిగ్గా రెండు వారాలకు, నవంబర్ 29న, ఢిల్లీకీ నిజాంకూ మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. ఒప్పందం కాగితం మీద ఉండగానే సరిహద్దు రగిలింది. ఇటు నుంచి రజాకార్ల దాడులు, అటు నుంచి స్టేట్ కాంగ్రెస్ శిబిరాల వారి దాడులు, మధ్యలో ఆగిపోయిన సరుకులు. ఈ తగాదాను హిందూ ముస్లింల యుద్ధంగా చూపించడం రజాకార్లకు అవసరం. ఇమ్రోజ్ ఆ రంగు అంటనివ్వలేదు. భారత యూనియన్‌తో కలవాలనీ, ప్రజలకు జవాబుదారీ అయిన ప్రభుత్వం రావాలనీ, రజాకార్లను అదుపు చేయాలనీ ఉర్దూలోనే వాదించింది. చదివేవారిలో ముస్లింలు ఎందరో ఉన్నారు కాబట్టే ఆ వాదన రజాకార్లకు ముల్లులా గుచ్చుకుంది.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్లను తప్పుబడుతూ ఇచ్చిన ప్రకటనను ఇమ్రోజ్ అచ్చువేసింది. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ తమను ఎదిరించే చేతులు తెగిపడతాయన్న ధోరణిలో సభాముఖంగానే హెచ్చరించాడు. 21వ తేదీ అర్ధరాత్రి కాచిగూడలో పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో ఇంటికి నడిచి వెళుతున్న షోయబుల్లాను వెనుక నుంచి కాల్చారు. రాసే చేతిని నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్ చేయి కూడా తెగింది.

నాలుగు వారాలు తిరక్కుండానే ఆయన కోరిన విలీనం జరిగింది. ఆయన కోరిన రెండో సంగతి, మనుషుల మధ్య సయోధ్య, జరగలేదు. సైనిక చర్య తర్వాత పల్లెల్లో ముస్లింలపై జరిగిన హింసను విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. కొన్ని చోట్ల యూనిఫాం వేసుకున్నవారి పాత్రనూ ఎత్తిచూపింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. యూనిఫాం వేసుకున్న వాడిగా ఈ మాట రాయడం నాకు కష్టమే. కానీ ఐదు రోజుల విజయం గురించి గర్వంగా చెప్పుకునేవాళ్లం ఆ తర్వాతి వారాల గురించీ చెప్పాలి.

సైన్యం భూభాగాన్ని స్వాధీనం చేసుకోగలదు. అక్కడి ఇరుగుపొరుగును మళ్లీ ఒక కుళాయి దగ్గరికి తేవడం దాని వల్ల కాదు. అవతలి పక్షంలో ఉంటూ, తనవాళ్ల భాషలో తనవాళ్లనే ఒప్పించగలిగిన మనిషి చేయాల్సిన పని అది. హైదరాబాద్‌లో సెప్టెంబర్ తర్వాత అలాంటి మనిషి అందరికన్నా ఎక్కువ అవసరమయ్యాడు. అప్పటికి ఆయన లేరు. ఏ సంక్షోభంలోనైనా వంతెనలకూ విద్యుత్ కేంద్రాలకూ కాపలా పెట్టేటప్పుడు, ఇలాంటి గొంతులను కూడా ఆ జాబితాలో చేర్చాలని నేనంటాను. కూలిన వంతెనను మా ఇంజనీర్లు కొన్ని రోజుల్లో నిలబెడతారు. ఇంకో షోయబుల్లాను తయారుచేసే దళం ఏ సైన్యంలోనూ లేదు.