శరణాలయమైన కర్మాగారము : ఆస్కార్ షిండ్లర్

మహాపురుషుల చరిత్రములందు బాల్యముననే సుగుణములు పొడసూపుట మనము చదువుచుందుము. ఆస్కార్ షిండ్లర్ చరిత్రము అట్టిది కాదు. 1908 ఏప్రిల్ 28న మొరేవియా ప్రాంతమందలి స్విటావీ పట్టణమున జర్మను కుటుంబమున జన్మించిన ఈతడు విలాసప్రియుడు, మద్యపానలోలుడు. జర్మనుల గూఢచారియై 1938లో చెకోస్లవేకియాలో చెరసాల పాలయ్యెను. మరుసటి యేడు నాజీ పక్షమున చేరెను.

1939 సెప్టెంబరులో జర్మనీ పోలెండును ఆక్రమింపగా, ఇతడు లాభాపేక్షతో క్రాకో నగరమునకు వచ్చి, దివాలా తీసిన ఎనామెల్ పాత్రల కర్మాగారమును చేజిక్కించుకొనెను. యూదులకు కూలి తక్కువ. కనుకనే వారిని పనిలో పెట్టుకొనెను. ఆరంభమున ఇందు దయకంటె లెక్కయే మిక్కుటము.

1943 మార్చిలో నాజీలు క్రాకోలో యూదులను నిర్బంధించిన పేటను నిర్మూలించిరి. అనేకులను వీధులలోనే చంపిరి. పనికి పనికివత్తురని తోచినవారిని ప్లాషూవ్ శిబిరమునకు తరలించిరి. దాని యధిపతి ఆమన్ గ్యోట్ పరమక్రూరుడు. షిండ్లర్ అతనికి లంచములిచ్చి, తన కార్మికులకు కర్మాగారపు ఆవరణలోనే వేరు శిబిరము నేర్పరచెను. యుద్ధమునకు వీరి పని అవసరమను మాటయే వారికి కవచమాయెను.

1944లో ఎర్రసేన సమీపించుటతో ఆ శిబిరము మూతపడెను. లాభమే ప్రధానమైనచో వర్తకుడు తన సొమ్ము మూటగట్టుకొని పోవలసిన సమయమది. ఇతడట్లు చేయక, జన్మస్థలమునకు చేరువనున్న బ్రున్లిట్స్‌లో ఆయుధ కర్మాగారము నెలకొల్పుట కనుమతి సంపాదించి, వేయిమందికి పైగా యూదుల నచటికి రప్పించెను. ఆష్విట్స్ మరణశిబిరమునకు చేరిన సుమారు 300 మంది స్త్రీలను సయితము విడిపించెను. 1945 జనవరిలో, మూసిన రైలుపెట్టెలలో చలికి కొయ్యబారి వచ్చిన ఖైదీలకు ఇతని భార్య ఎమిలీ స్వయముగా పరిచర్య చేసెను. ఇంచుమించు ఎనిమిది మాసములలో ఆ కర్మాగారమున తయారైన మందుగుండు ఒక్క రైలుపెట్టెకు సరిపడునంతయే! కూడబెట్టిన ధనమంతయు లంచములకును, కార్మికుల ఆహారమునకును వ్యయమయ్యెను.

యుద్ధానంతరము అర్జెంటీనాలో వ్యవసాయము, జర్మనీలో సిమెంటు వ్యాపారము రెండును కలిసిరాలేదు. తాను కాపాడినవారే ఇతనిని ఆదుకొనిరి. 1974 అక్టోబరు 9న మరణింపగా, జెరూసలేములోని సీయోను కొండపై సమాధి చేసిరి. 1993లో యాద్ వషేమ్ సంస్థ ఈ దంపతులను ధర్మాత్ములుగా గుర్తించెను.

60 లక్షల యూదులు హతులైన కాలమున వేయి ప్రాణములు స్వల్పమే యనిపింపవచ్చును. కాని ధనమును, పలుకుబడియు గలవారు నాడెందరో యుండిరి. వానిని పరుల ప్రాణములకై వెచ్చించినవారు అరుదు. సచ్ఛీలుడు కానివాడును సమయము వచ్చినప్పుడు సత్కార్యమునకు పూనుకొనవచ్చును. విద్యార్థులు ఈ జీవితమునుండి గ్రహింపవలసినది ఇదియే.