సర్ గిల్బర్టు వాకరు

ఆషాఢము గడచినను చినుకు రాలనియెడల మా మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో రైతు చూపు నల్లమలవైపే యుండును. గుండ్లకమ్మ యెండును, కంభము చెఱువు అడుగు బయటపడును. వాన యేల తప్పెను? ఈ ప్రశ్నకు గణితముచే నుత్తరము వెదకుచు ఇరువదియేండ్లు మన దేశమున గడపిన గిల్బర్టు వాకరు దొర చరిత్రమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయన 1868వ సంవత్సరమున ఇంగ్లాండునందలి రాచ్‌డేలు పట్టణమున జన్మించెను. 1889లో కేంబ్రిడ్జి గణితపరీక్షయందు ప్రథమస్థానమున కృతార్థుడయ్యెను. విసరినవానికడకే తిరిగివచ్చు బూమరాంగు అను వంకరకఱ్ఱ గమనమును సమీకరణములతో వివరించెను. బాలురకు ముందుగా నచ్చునది యీ సంగతియేయని మా తలంపు.

1899లో ఋతుపవనము తప్పి దేశమున ఘోరక్షామము వచ్చెను. ఆ యేట వానలు సమృద్ధిగా కురియునని వాతావరణశాఖవారు ముందు తెలిపియుండిరి! 1904లో ఆ శాఖాధిపత్యము వాకరునకు లభించెను. గాలుల చలనమును సమీకరణములతో సాధించి వానను ముందుగా చెప్పుట ఆనాడు అసాధ్యము. కావున ఆయన వేఱుమార్గము పట్టెను. లోకమున నానాస్థలములయందలి వాయుపీడనము, ఉష్ణత, వర్షపాతముల పట్టికలు తెప్పించి, ఒకచోట నొకటి హెచ్చినపుడు వేఱొకచోట మఱియొకటి హెచ్చునో తగ్గునో గుమాస్తాలచే లెక్కింపించెను. కంప్యూటర్లు లేని కాలము; అంతయు చేతిలెక్కయే. గుమాస్తాల మాట వచ్చినపుడు మఱియొక గుమాస్తా జ్ఞప్తికి వచ్చును. 1913లో మద్రాసు రేవుకార్యాలయపు గుమాస్తాయైన శ్రీనివాస రామానుజముగారి గణితమును చూచి, ఆయనకు విద్యార్థివేతనము నిప్పింపుడని విశ్వవిద్యాలయమునకు వ్రాసినవాడు ఈ వాకరే.

ఆ లెక్కలనుండి ఒక వింత బయల్పడెను. పసిఫిక్ మహాసముద్రముపై వాయుపీడనము హెచ్చినపుడు హిందూమహాసముద్రముపై తగ్గును; అచట తగ్గినపుడు ఇచట హెచ్చును. మన బావులకడ ఏతపుమానునకు ఒక కొన లేచిన రెండవది దిగదా, అట్లే. 1924లో ఆయన దీనికి దక్షిణాందోళనము అని పేరిడెను.

ఐనను సత్యము చెప్పవలెను. ఋతుపవనమును నమ్మకముగా ముందు తెలుపవలెనను ఆయన కోరిక నెఱవేఱలేదు. ఆయన యేర్చిన సంబంధములు పెక్కులు తరువాతి యేండ్లలో సడలెను. కారణము చూపని లెక్కలని ఆక్షేపించినవారును కలరు.

1924లో స్వదేశమునకు మరలి, లండను ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యుడై, 1958లో మరణించెను. పదునొకండేండ్లకు, 1969లో, జేకబ్ బ్యెర్క్‌నెస్ అను శాస్త్రజ్ఞుడు ఆ యూగిసలాటను సముద్రజలముల వేడిమితో ముడివేసి చూపెను. పసిఫిక్ పడమటిభాగమున వేడినీటిపై గాలి పైకెగయును. తూర్పున చల్లనినీటిపై క్రిందికి దిగును. ఈ గాలిచక్రమునకు ఆయన వాకరు పేరే పెట్టెను. తూర్పుజలములు వేడెక్కిన యేట, అనగా ఎల్ నినో వచ్చిన యేట, ఆ చక్రము సడలి మన దేశమున వానలు పెక్కుమారులు తగ్గును. నేడు ఋతుపవనమును ముందుగా సూచించువారు తప్పక చూచు పట్టికలలో ఆ దూరపు జలముల వేడిమియు నొకటి.