నెలకు ఒక్క రొట్టె: ఇమామ్ గజాలీ (రహ్మ) జీవితం నేర్పే మితాహారం

ఆరోగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించిన గొప్ప అమానత్. ఈ మాట మేము ఎన్నో జుమా ప్రసంగాలలో చెప్పాం. మితంగా తినమని కూడా చెప్పాం. కానీ నికాహ్ ఖుత్బా చదివి వలీమా దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడు ఆ మాట మాకే గుర్తుండేది కాదు. మౌల్వీ సాబ్ పళ్ళెం ఖాళీగా కనిపిస్తే ఇంటివాళ్ళు ఊరుకోరు. వద్దనడానికి మాకూ మనసొప్పేది కాదు. ముప్పై అయిదేళ్ళు నిండకుండానే మస్జిదు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. రక్తంలో చక్కెర హద్దు దగ్గరికి వచ్చిందనీ, బరువు తగ్గించుకోమనీ డాక్టరు గారు చెప్పారు.

తెలిసినవారి సలహాతో బరువు తగ్గించే పొడి డబ్బాలు కొన్నాం. రెండు పూటలా అన్నం మానేసి ఆ పొడి నీళ్ళలో కలుపుకొని తాగాం. బరువు తగ్గిన మాట నిజమే. కానీ మూడు నెలల తర్వాత డబ్బాలు కొనే స్తోమత లేక ఆపేశాం. ఏడాది తిరగకుండానే పోయిన బరువంతా తిరిగి వచ్చింది. పోయిన డబ్బు మాత్రం రాలేదు. ఆ దిగులులోనే, మదర్సాలో కేవలం పరీక్ష కోసం చదివిన ఒక గ్రంథం మళ్ళీ తెరిచాం. అది ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మ) వ్రాసిన ‘ఇహ్యాఉ ఉలూమిద్దీన్’. అందులో ఆకలిని గురించిన అధ్యాయం మమ్మల్ని ఆపేసింది. ఆ అధ్యాయం అర్థం కావాలంటే ముందు దాన్ని వ్రాసినవారి జీవితం తెలియాలి.

ఇమామ్ గజాలీ (రహ్మ) హి.శ. 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. నేడు ఆ ప్రదేశం ఇరాన్‌లో ఉంది. తండ్రి ఉన్ని వడికి అమ్ముకొని బ్రతికే పేదవాడు. చదువు లేకపోయినా పండితుల సభల్లో కూర్చొనేవాడు, తన బిడ్డలూ అలా కావాలని దుఆ చేసేవాడు. మరణం దగ్గరపడినప్పుడు ముహమ్మద్, అహ్మద్ అనే తన ఇద్దరు కుమారులనూ, కూడబెట్టిన కొద్దిపాటి సొమ్మునూ ఒక సూఫీ మిత్రుని చేతిలో పెట్టి, వీళ్ళకు చదువు చెప్పించమని కోరాడు. ఆ సొమ్ము కొంతకాలానికి అయిపోయింది. మిత్రుడూ పేదవాడే. మదర్సాలో చేరితే చదువుతోపాటు తిండి కూడా దొరుకుతుందని పిల్లలకు చెప్పాడు. ఇస్లామీయ విద్యల్లో ఇంత పేరు తెచ్చుకున్న మనిషి మొదట మదర్సా గడప తొక్కింది పూట గడవడం కోసమే. ఈ సంగతిని ఆయన తర్వాతి కాలంలో దాచుకోలేదు. ఆకలి అంటే ఏమిటో ఆయనకు పుస్తకాల వల్ల తెలియలేదు.

యువకుడిగా ఆయన జుర్జాన్‌కు వెళ్ళి గురువు దగ్గర పాఠాలన్నీ వ్రాసుకున్నారు. తిరుగు ప్రయాణంలో దొంగలు పడి ఉన్నదంతా దోచుకున్నారు. గజాలీ వాళ్ళ వెంటపడి, తక్కినవన్నీ ఉంచుకొని ఆ కాగితాల సంచి ఒక్కటీ ఇవ్వమని బ్రతిమిలాడారు. కాగితాలు పోతే పోయే చదువు అదేం చదువని దొంగల నాయకుడు నవ్వి, సంచి విసిరేశాడు. ఆ మాటను గజాలీ అల్లాహ్ పంపిన హితబోధగా తీసుకున్నారు. తూస్ చేరి మూడేళ్ళపాటు కూర్చొని అదంతా కంఠస్థం చేశారు. డబ్బాల మీద అచ్చయిన నియమాలతో బరువు తగ్గి, డబ్బా అయిపోగానే మొదటికొచ్చిన మాకు ఈ సంఘటన ఎంతగా తగిలిందో చెప్పలేం. మన అలవాటుగా మారనిది మనది కాదు.

తర్వాత ఆయన నైషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ అల్ జువైనీ (రహ్మ) శిష్యులయ్యారు. గురువు హి.శ. 478 (క్రీ.శ. 1085)లో పరమపదించాక సెల్జూక్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆస్థానానికి చేరారు. హి.శ. 484 (క్రీ.శ. 1091)లో బాగ్దాదులోని నిజామియా మదర్సాకు ప్రధాన ఆచార్యులయ్యారు. అప్పటికి ఆయన వయసు ముప్పై నాలుగు చాంద్రమాన సంవత్సరాలు. మూడు వందలమంది విద్యార్థులు ఆయన ముందు కూర్చొనేవారు. మంత్రులూ, అధికారులూ ఆయన మాటకు విలువనిచ్చేవారు. తిండి కోసం మదర్సాలో చేరిన బాలుడికి ఇప్పుడు దేనికీ కొదువ లేదు.

సరిగ్గా అక్కడే పరీక్ష ఎదురైంది. తాను చెప్పే పాఠాలు అల్లాహ్ ప్రసన్నత కోసమా, పేరుప్రతిష్ఠల కోసమా అన్న ప్రశ్న ఆయనను పట్టి పీడించింది. హి.శ. 488 (క్రీ.శ. 1095) రజబ్ నెలలో మొదలైన ఆ మథనం దాదాపు ఆరు నెలలు సాగింది. ఒకరోజు బాగ్దాదు వదలిపోవాలని నిశ్చయించుకునేవారు, మరునాడు మనసు వెనక్కి లాగేది. చివరకు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. గుక్కెడు నీళ్ళు గొంతు దిగలేదు, ముద్ద తిన్నా అరగలేదు. శరీరం చిక్కిపోయింది. ఇది మనసులో పుట్టిన బాధ, ఆ దిగులు పోతే తప్ప మందులు పనిచేయవని వైద్యులు చేతులెత్తేశారు. ఈ విషయాలు ఆయనే తన ‘అల్ మున్ఖిజ్ మినద్దలాల్’ అనే స్వీయచరిత్రలో వ్రాసుకున్నారు. తిండికీ మనసుకూ ఉన్న ముడి ఎంత గట్టిదో ఆయన ఇలా తన శరీరంలోనే చూశారు.

అదే ఏడాది జిల్‌ఖాదా నెలలో ఆయన కుటుంబానికి సరిపడా ఉంచి, తక్కిన సొమ్మంతా పంచేసి బాగ్దాదు వదిలారు. డమాస్కస్ పెద్ద మస్జిదు మీనారులో తలుపు వేసుకొని ఏకాంతంగా గడిపారు. బైతుల్ మఖ్దిస్‌ను దర్శించారు. హజ్ చేశారు. దాదాపు రెండేళ్ళు షామ్ ప్రాంతంలో ఆరాధనలోనూ, మనోవాంఛలతో పోరాటంలోనూ గడిపారు. ‘ఇహ్యా’ పుట్టింది ఈ సంచార, ఏకాంత కాలంలోనే. నలభై భాగాలున్న ఆ గ్రంథంలో ఇరవై మూడవది రెండు వాంఛలను లొంగదీసుకోవడం గురించి. ఆ రెంటిలో మొదటిది కడుపు.

ఇక ఆ భాగంలో ఇమామ్ గారు చెప్పిన విషయాలను మా మాటల్లో చెబుతాం.

ఒక్కసారిగా తిండి మానేయవద్దన్నది ఆయన మొదటి హెచ్చరిక. ఎక్కువ తినే అలవాటున్నవాడు ఒకేసారి తక్కువకు దిగితే శరీరం తట్టుకోలేదు, నీరసించిపోతాడు. అందుకని కొద్దికొద్దిగా దిగాలి. దానికి ఆయన లెక్క కూడా చెప్పారు. రెండు రొట్టెలు తినేవాడు ఒక రొట్టెకు రావాలనుకుంటే, ఒక రొట్టెను ఇరవై ఎనిమిదో ముప్పయ్యో పాళ్ళుగా అనుకొని రోజుకు ఒక్కో పాలు తగ్గించుకుంటూ పోవాలి. మొదటి రోజు ఒక పాలు, రెండో రోజు రెండు పాళ్ళు. నెల తిరిగేసరికి ఒక రొట్టె తగ్గుతుంది, శరీరానికి తెలియనే తెలియదు. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం వ్రాసిన ఈ లెక్క చదివి మేము పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాం. త్వరత్వరగా తగ్గిన బరువు చాలామందిలో తిరిగి వస్తుందనీ, జీవితాంతం పాటించగల మార్పే నిలుస్తుందనీ నేటి వైద్యులూ అంటున్నారు.

ఇంత తినాలని అందరికీ ఒకే కొలత పెట్టలేమన్నది ఆయన చెప్పిన రెండో సంగతి. వయసును బట్టి, శరీరాన్ని బట్టి, చేసే పనిని బట్టి అది మారుతుంది. కాబట్టి నిజమైన ఆకలి వేశాక తినడం, ఇంకా కొంచెం తినాలనిపిస్తుండగానే చెయ్యి తీయడం అన్నది అందరికీ పనికొచ్చే కొలత. నిజమైన ఆకలిని గుర్తించడానికి ఒక ఆనవాలు చెప్పారు: కూర లేకుండా వట్టి రొట్టె పెట్టినా ఇష్టంగా తినగలిగితే అది ఆకలి. అదే కావాలి, ఇదే కావాలని మనసు అడుగుతుంటే అది నాలుక కోరిక. రాత్రి భోజనమయ్యాక ఫ్రిజ్ తలుపు తెరిచే ముందు మనమంతా వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

మితాహారం వల్ల కలిగే పది లాభాలను ఆయన వివరించారు. మనసు నిర్మలమవడం, గుండె మెత్తబడటం, గర్వం అణగడం, ఆకలితో ఉన్నవారు గుర్తుకు రావడం, పాపపు కోరికలు బలహీనపడటం, నిద్రమత్తు తగ్గడం, ఆరాధనకు తీరిక దొరకడం, శరీరం ఆరోగ్యంగా ఉండటం, ఖర్చు తగ్గడం, మిగిలినది దానం చేయగలగడం. బరువు తగ్గించే డబ్బాలు వీటిలో శరీరం గురించి మాత్రమే మాట్లాడతాయి. పైగా ఖర్చు పెంచుతాయి. ఇమామ్ గారి మార్గంలో మిగిలిన పైకం పేదవాడి పళ్ళెంలోకి వెళుతుంది.

రోజాల విషయంలోనూ ఆయన మొహమాటపడలేదు. పగలంతా ఆపుకున్నదాన్ని ఇఫ్తార్ వేళ రెట్టింపు చేసి తింటే, రోజా ఉద్దేశమే దెబ్బతింటుందని హెచ్చరించారు. రమజాన్‌లో హలీం, సమోసాలు, షర్బత్‌లతో నిండే మన దస్తర్‌ఖాన్‌లను చూసి వ్రాసినట్టే ఉంటుంది. అలాగే నలుగురిలో తక్కువ తిని, ఒంటరిగా ఉన్నప్పుడు కోరిక తీర్చుకునేవాడి రోగం తిండి రోగం కన్నా పెద్దదన్నారు. దాని పేరు ప్రదర్శనాబుద్ధి.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఈ అధ్యాయంలో రోజుల తరబడి తినకుండా ఉన్న కొందరి వృత్తాంతాలున్నాయి. ‘ఇహ్యా’లోని ఉల్లేఖనాలలో బలహీనమైనవి ఎన్నో ఉన్నాయని హాఫిజ్ ఇరాఖీ (రహ్మ) పరిశీలించి చూపారు. ఆకలితో శరీరాన్ని హింసించుకునే ధోరణిని ఇబ్నుల్ జౌజీ (రహ్మ) గట్టిగా ఖండించారు. కానీ గజాలీ (రహ్మ) కూడా చివరికి తేల్చింది మధ్యేమార్గమే. కడుపు బరువు తెలియకూడదు, ఆకలి మంటా తెలియకూడదు. మనసు సహజంగా అతి తిండి వైపే లాగుతుంది కాబట్టి బోధ ఆకలి వైపు మొగ్గినట్టు కనిపిస్తుందని ఆయనే వివరించారు. నడుము నిలబెట్టేందుకు కొన్ని ముద్దలు చాలనీ, తప్పదనుకుంటే కడుపులో మూడోవంతు తిండికీ, మూడోవంతు నీటికీ, మూడోవంతు శ్వాసకూ ఉంచాలనీ దైవప్రవక్త (స) చేసిన ఉపదేశం తిర్మిజీ గ్రంథంలో ఉంది. మనకు అసలు కొలబద్ద అదే. శరీరానికి మనపై హక్కుందని నేర్పింది కూడా ఆయనే (స). కనుక మధుమేహానికి మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా తిండి తగ్గించకూడదు.

ఇమామ్ గారి కథ ఏకాంతంలో ముగియలేదు. హి.శ. 499 (క్రీ.శ. 1106)లో నిజాముల్ ముల్క్ కుమారుడు ఫఖ్రుల్ ముల్క్ కోరిక మేరకు నైషాపూర్‌లో మళ్ళీ పాఠాలు చెప్పారు. ఆ తర్వాత తూస్‌కు తిరిగి వచ్చి, ఇంటి దగ్గరే ఒక మదర్సా, ఒక ఖాన్ఖా నడిపారు. చివరి రోజుల్లో హదీసు అధ్యయనంలో మునిగిపోయారు. హి.శ. 505 జమాదిల్ ఆఖిర్ 14 (క్రీ.శ. 1111 డిసెంబరు), సోమవారం తెల్లవారుజామున వుజూ చేసి నమాజు చదివారు. కఫన్ తెప్పించుకొని ముద్దాడి కళ్ళకద్దుకున్నారు. ఖిబ్లా వైపు కాళ్ళు చాపి పడుకొని, సూర్యోదయానికి ముందే ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ఈ చివరి ఘడియలను ఆయన తమ్ముడు అహ్మద్ చెప్పగా చరిత్రకారులు నమోదు చేశారు. తిండి కోసం కలిసి మదర్సాకు వెళ్ళిన ఆ తమ్ముడే. అప్పటికి ఇమామ్ గారి వయసు యాభై అయిదు చాంద్రమాన సంవత్సరాలు.

మా సంగతి చెప్పి ముగిస్తాం. మేము ఇంట్లో అన్నం వడ్డించే గరిటెనే కొలతగా పెట్టుకున్నాం. వారానికి కొంచెం చొప్పున తగ్గించాం. చాయ్‌లో చక్కెర చెంచా నుంచి అర చెంచాకు, అక్కడి నుంచి పావుకు వచ్చింది. ఇషా నమాజుకు బండి మానేసి నడిచి వెళుతున్నాం. మూడు నెలల్లో పొడి డబ్బా తగ్గించినంత బరువు తగ్గడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. కానీ ఇప్పటికీ అది తిరిగి రాలేదు. దావత్‌లో ఇంకా ఒక్కోసారి ఓడిపోతున్నాం. మరునాడు మళ్ళీ గరిటె దగ్గర నుంచి మొదలుపెడుతున్నాం. కొద్దిదైనా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ప్రియమైనదని పిల్లలకు నేర్పేవాళ్ళం, పళ్ళెం ముందు మాత్రం దాన్ని మరచిపోకూడదు కదా!

పాఠక సోదరసోదరీమణులారా! ఈ రాత్రి భోజనంలో ఒక్క ముద్ద తగ్గించి చూడండి. ఇంట్లో అమ్మకూ అక్కకూ ఒక విన్నపం: వద్దన్నవారి పళ్ళెంలో బలవంతంగా వడ్డించకండి, అది ప్రేమ అనిపించినా సరే. అల్లాహ్ మనకు నిజమైన ఆకలిని గుర్తించే వివేకాన్నీ, ఆకలిగొన్న పొరుగువారిని గుర్తుంచుకునే మనసునూ, చివరిశ్వాస దాకా ఆయనను ఆరాధించే శక్తిగల శరీరాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.