హాఫ్‌కిన్: 19 మరణాల నింద మోసిన టీకా శాస్త్రవేత్త

రాయపూర్ నుంచి బస్తర్ అడవుల్లోని పల్లెకు టీకా సీసా వెళ్లాలంటే దారి పొడవునా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పకూడదు. చివరికి ఆ సీసా మూత ఎలా తీశారు, సూది ఎంత శుభ్రంగా ఉంది అన్నదానిపై ప్రాణాలు ఆధారపడతాయి. ఈ సత్యం వాల్దెమార్ హాఫ్‌కిన్ జీవితాన్నే తలకిందులు చేసింది.

1860లో ఒడెస్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టిన హాఫ్‌కిన్, పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కలరా టీకా తయారుచేశారు. 1892 జూలైలో దాన్ని ముందుగా తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. మరుసటి ఏడాది కలకత్తా వచ్చి మురికివాడల్లో, ఆ తర్వాత అస్సాం తేయాకు తోటల్లో టీకాలు వేశారు. సూది పట్టుకొచ్చిన తెల్లదొరను జనం అంత తేలిగ్గా నమ్మలేదు. ఊరూరా తిరిగి ఒప్పించాల్సి వచ్చింది.

1896లో బొంబాయిని ప్లేగు కమ్మేసింది. హాఫ్‌కిన్ గ్రాంట్ మెడికల్ కాలేజీలో చిన్న ప్రయోగశాల పెట్టుకుని నెలల్లోనే టీకా సిద్ధం చేశారు. 1897 జనవరి 10న మళ్లీ తనపైనే పరీక్షించుకున్నారు. తర్వాత బైకుల్లా జైలు ఖైదీల్లో ముందుకొచ్చిన వారికి వేశారు. లక్షల మందికి ఆ టీకా అందింది.

1902 అక్టోబరు చివర్లో పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో అనర్థం జరిగింది. ఒకే సీసా నుంచి టీకా వేసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. విచారణ సంఘం తప్పును బొంబాయి ప్రయోగశాల మీదకు నెట్టింది. హాఫ్‌కిన్‌ను పదవి నుంచి తప్పించారు. అయితే సీసా తెరిచే సమయంలో మూత పట్టే పటకారు నేల మీద పడిందని, దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారని సాక్ష్యంలోనే ఉంది. మలేరియా గుట్టు సికింద్రాబాద్‌లో విప్పిన రోనాల్డ్ రాస్ ఆయన పక్షాన గట్టిగా పోరాడారు. 1907లో గానీ హాఫ్‌కిన్ నిర్దోషిగా బయటపడలేదు. మళ్లీ కలకత్తాలో ఉద్యోగం దక్కినా వెనకటి గౌరవం మాత్రం దక్కలేదు. బొంబాయి ప్రయోగశాలకు 1925లో ఆయన పేరు పెట్టారు. 1930లో లొసాన్‌లో కన్నుమూశారు.

ముల్కోవాల్‌లో తప్పు మందుది కాదు, మందు మనిషిని చేరే దారిది. సూక్ష్మసూదుల పట్టీ సరిచేయాలని చూస్తున్నది ఆ దారినే. మిల్లీమీటరు కన్నా పొట్టిగా ఉండే వందలాది మొనల మీద టీకాను ఎండబెట్టి ఉంచుతారు. చర్మానికి అద్దితే, రోగనిరోధక కణాలు దట్టంగా ఉండే పైపొరల్లోనే మందు కరుగుతుంది. సీసా మూత తీయడం, సిరంజిలోకి మందు ఎక్కించడం ఉండవు. వేడిని కూడా కొంత మెరుగ్గా తట్టుకుంటుంది. తట్టు, రుబెల్లా టీకా పట్టీని గాంబియాలో పసిపిల్లలపై పరీక్షించగా సురక్షితమని, రోగనిరోధక స్పందన వస్తోందని 2024లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంకా పెద్ద పరీక్షలు దాటాలి, చౌకగా లక్షల్లో తయారుకావాలి.

అవి దాటితే రాయపూర్ నుంచి అడవి దారి పట్టే ఆరోగ్య కార్యకర్త భుజాన బరువు తగ్గుతుంది. అయినా పల్లెల నమ్మకం మాత్రం హాఫ్‌కిన్‌లాగే ఇంటింటికీ వెళ్లి సంపాదించుకోవాల్సిందే.