చేతులకు చేవనిచ్చిన గురువు: కుమారి మేరీ మెక్‌మిలన్

మందు మింగితే తగ్గే జబ్బులు కొన్ని. ఓపికతో తప్ప తగ్గనివి మరికొన్ని. విరిగి అతికిన కాలు తిరిగి నేలమీద మోపడానికి, పక్షవాతంతో వాలిపోయిన చేయి తిరిగి అన్నం ముద్ద ఎత్తడానికి నెలల తరబడి సాధన కావాలి. ఆ సాధనను దగ్గరుండి చేయించేవారే ఫిజియోథెరపిస్టులు. రోగి నొప్పిని, విసుగును, నిరాశను దినమంతా తమ చేతులమీద మోసే ఈ వృత్తివారికి అంతటి ఓపిక ఎక్కడ నుండి వస్తుంది? నేర్చుకొనే విద్యార్థి అలసినప్పుడు, నేర్పే గురువు అలసినప్పుడు వారిని నిలబెట్టేది ఏది? అమెరికాలో ఈ వృత్తికి పునాది వేసిన కుమారి మేరీ మెక్‌మిలన్ జీవితాన్ని పరిశీలించినవారికి ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

మేరీ 1880 నవంబరు 28న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో హైడ్ పార్క్ అనే ఊరిలో జన్మించింది. వారిది స్కాట్లాండు మూలాలు గల కుటుంబం. పసితనంలోనే తల్లిని పోగొట్టుకొని, సముద్రం దాటి ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో బంధువుల ఇంట పెరగవలసి వచ్చింది. ఆ కాలంలో ఆడపిల్లలకు ఉన్నత విద్యా ద్వారాలు పూర్తిగా తెరుచుకోలేదు. అయినను ఆమె లివర్‌పూల్‌లో శారీరక వ్యాయామ విద్యను అభ్యసించి, పిమ్మట లండను వెళ్ళి శరీర నిర్మాణ శాస్త్రం, నాడీ శాస్త్రం, అంగమర్దనం, విద్యుచ్చికిత్స, దిద్దుబాటు వ్యాయామాలు మొదలైనవి నేర్చుకొన్నది. తన దేహాన్ని సాధనతో తీర్చిదిద్దుకొన్న తరువాతనే ఆమె ఇతరుల దేహాలకు చికిత్స చేయ పూనుకొన్నది. ఈ వరుసక్రమం గమనింపదగినది.

చదువు ముగిసిన పిదప లివర్‌పూల్‌లో ఎముకల వైద్యంలో పేరెన్నికగన్న సర్ రాబర్ట్ జోన్స్ వద్ద పనిచేసే భాగ్యం ఆమెకు కలిగింది. శస్త్రచికిత్సతో వైద్యుని పని ముగియదనీ, కట్టు విప్పిన నాటి నుండి రోగికి అసలు పరీక్ష మొదలవుతుందనీ ఆమె అక్కడ కళ్ళారా చూసింది. వంకర కాళ్ళతో, వంగిన వెన్నులతో వచ్చే పేద పిల్లలే ఆమెకు తొలి పాఠ్యగ్రంథాలు.

1915లో ఆమె జన్మభూమికి తిరిగి వచ్చి, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో పిల్లల ఆసుపత్రిలో అంగమర్దన, వ్యాయామ చికిత్సల విభాగాన్ని నిర్వహించింది. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1916లో, అమెరికాలో పోలియో మహమ్మారి విజృంభించింది. సుమారు 27 వేలమందికి ఆ వ్యాధి సోకగా దాదాపు 6 వేలమంది మరణించారు. బ్రతికి బయటపడిన పిల్లలలో ఎందరికో అవయవాలు చచ్చుబడినాయి. వారి చేత అడుగులు వేయించగల శిక్షితులు ఆ దేశంలో బహు కొద్దిమంది.

ఇంతలో ప్రథమ ప్రపంచ యుద్ధం ఆ కొరతను మరింత స్పష్టం చేసింది. 1917లో అమెరికా యుద్ధరంగంలో అడుగుపెట్టింది. గాయపడిన సైనికులను తిరిగి మనుషులలో కలపడానికి సైనిక వైద్యశాఖ పునర్నిర్మాణ సహాయికలు అనే స్త్రీల బృందాన్ని ఏర్పరచింది. వారికి సైనిక హోదా లేదు. చేయవలసిన పని మాత్రం కొండంత. 1918లో ఆ బృందంలో మొట్టమొదట చేరినవారిలో మేరీ అగ్రగణ్యురాలు. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో ఆమె పని ప్రారంభించింది. ఆ వేసవిలోనే దేశానికి మరో అంచున గల ఆరెగాన్ రాష్ట్రపు రీడ్ కళాశాల ఆమెను రప్పించుకొని శిక్షణ బాధ్యతను అప్పగించింది. అక్కడ ఆమె చేతి క్రింద సుమారు 200 మంది యువతులు తయారైనారు.

సంవత్సరాల చదువును నెలలలో నేర్పడం సామాన్యమైన పని కాదు. నిన్నటి వరకు తరగతి గదిలో కూర్చున్న యువతి, నేడు చేయి తెగిన సైనికుని ఎదుట నిలబడవలసి ఉన్నది. ఈ చికిత్స చేతులతోను, నడుముతోను చేసే పని. ఎలా నిలబడాలో, బరువును కండబలంతో కాక దేహభారంతో ఎలా ఆనించాలో తెలియని విద్యార్థి, రోగి కోలుకొనక ముందే తానే రోగి అవుతుంది. అందుచేతనే ఇట్టి శిక్షణకు వ్యాయామ విద్య నేర్చిన యువతులను విశేషంగా ఎన్నుకొన్నారు. విద్యార్థినులు, సహచరులు మేరీని మోలీ అని చనువుగా పిలిచేవారు. గురువును ముద్దుపేరుతో పిలువగలిగినచోట, అలసిపోయానని చెప్పుకొనడానికి శిష్యులు జంకరు కదా!

యుద్ధం ముగిసింది. సహాయికలు తలొక దిక్కుకు చెదరిపోయే సమయం వచ్చింది. ఒంటరిగా మిగిలితే వారు నేర్చిన విద్య వారితోనే అంతరించేది. 1921 జనవరిలో న్యూయార్క్ నగరంలోని ఒక భోజనశాలలో సుమారు 30 మంది సమావేశమై ఒక సంఘాన్ని స్థాపించారు. దేశమంతటి నుండి 274 మంది వ్యవస్థాపక సభ్యులైనారు. మేరీ ప్రథమ అధ్యక్షురాలిగా ఎన్నికైనది. సంఘానికి ఒక పత్రిక కూడా అదే సంవత్సరం వెలువడింది. దూరదూరాలలో ఒంటరిగా పనిచేసే వారికి తమవంటి వారు మరికొందరున్నారన్న ధైర్యం ఆ సంఘం వల్ల కలిగింది. ఈనాటి అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ ఆ బీజం నుండి మొలకెత్తిన వృక్షమే.

అదే 1921లో అంగమర్దనం, చికిత్సా వ్యాయామాలపై ఆమె రచించిన గ్రంథం వెలువడింది. ఆ వృత్తికి చెందిన అమెరికన్ వ్రాసిన తొలి పాఠ్యగ్రంథంగా అది ప్రసిద్ధికెక్కింది. పిమ్మట హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆమె బోధన సాగించింది. కీర్తి లభించింది కదా అని ఆమె అక్కడితో ఆగిపోలేదు. 1932లో, ఏబదియవ ఏడు దాటిన వయసులో, చైనాలోని పెకింగ్ యూనియన్ వైద్య కళాశాలకు వెళ్ళి ఫిజియోథెరపీ విభాగాన్ని నడిపింది. తెలియని భాష, కొత్త మనుషుల మధ్య మరల మొదటి నుండి నేర్పుతూ, నేర్చుకొంటూ తొమ్మిది సంవత్సరాలు గడిపింది.

1941 డిసెంబరులో స్వదేశానికి తిరిగి వెళ్ళే మార్గంలో ఆమె ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఉండగా యుద్ధం పసిఫిక్ ప్రాంతాన్ని చుట్టుముట్టింది. ఆమె వెంటనే అక్కడి సైనిక ఆసుపత్రిలో స్వచ్ఛందంగా సేవకు పూనుకొన్నది. మనీలా జపానుసేనల వశమైన పిదప, వేలాది విదేశీ పౌరులతోపాటు ఆమెను కూడా సాంతో తోమాస్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నిర్బంధించారు. అప్పటికి ఆమె వయస్సు 61 సంవత్సరాలు. ఇరుకు గదులు, చాలీచాలని తిండి, రేపు ఏమగునో తెలియని దినాలు. అట్టిచోట కూడా ఆమె తోటి నిర్బంధితుల కొరకు ఒక చికిత్సాలయాన్ని నెలకొల్పింది. యంత్రాలు లేకపోయినను చేతులు ఉన్నవి. చేతులకు తెలిసిన విద్య ఉన్నది. ప్రతి ఉదయం తనకొక పని ఉన్నదన్న ఎరుక ఆమెకును, తమకై ఒకరున్నారన్న ఊరట రోగులకును నిర్బంధాన్ని భరించే శక్తినిచ్చి ఉండునని తలచవచ్చును. తరువాత ఆమెను షాంఘై సమీపంలోని చాపే శిబిరానికి తరలించారు. ఇరుపక్షాలు పౌరులను మార్చుకొన్నప్పుడు, 1943లో ఆమె విడుదల పొందింది. ఆ సంవత్సరం ఆ ఓడల మార్పిడి జరిగినది మన గోవాతీరపు మార్మగోవా రేవులోనే అన్న సంగతి మన పాఠకులకు ఆసక్తికరం.

నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని క్రుంగదీసింది. అయినను కోలుకొని, తన వృత్తికే తిరిగి అంకితమైనది. 1959 అక్టోబరు 24న, 78 సంవత్సరాల వయస్సులో పరమపదించింది. ఆమె స్మారకంగా 1963లో ఆ వృత్తి సంఘం నెలకొల్పిన ఉపన్యాస గౌరవం ఆ రంగంలో అత్యున్నతమైనదిగా పరిగణింపబడుతున్నది.

ఈ చరిత్ర చదివి, ఆమె ఉక్కు మనిషి, మనము మట్టి మనుషులము అని ప్రక్కకు తొలగిపోవడం సులభం. కాని అది సరియైన పాఠం కాదు. ఆమె నిలబడినది మూడు ఊతలమీద. సాధనతో పదును పెట్టుకొన్న దేహం మొదటిది. ఎంతటి ఆపదలోను విడువని దినచర్య రెండవది. అలసటను పంచుకొనే సహచరులు మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పుట్టుకతో వచ్చేది కాదు, ముగ్గురు నలుగురు కలిసి అలవరచుకోదగినదే.

విద్యార్థి మిత్రులారా! రోగికి నిదానం నేర్పేవారు తమపట్ల తాము నిదానం చూపకపోతే అది పరోపదేశ పాండిత్యమే అవుతుంది. నిద్ర మాని, తిండి మాని చేసే సేవ చిరకాలం నిలువదు. నడుము నొప్పిని దాచుకొని మరొకరి నడుముకు చికిత్స చేయడం ఘనత కానేరదు. అధ్యాపక మహాశయులకు కూడా ఒక మనవి. శిష్యుని చేతిలోని నేర్పును పరీక్షించేటప్పుడు, ఆ చేయి వణుకుతున్నదేమో కూడా చూడండి. అలసిన విద్యార్థిని మందలించడం కంటె, కాసేపు కూర్చోబెట్టి, సరిగా నిలబడే తీరును మరొకసారి చూపడమే మేలు. ఇతరులను లేపి నిలబెట్టే వృత్తిలో, ముందుగా మనము ఒకరినొకరు నిలబెట్టుకొనడం నేర్వాలి. మోలీ అని పిలిపించుకొన్న ఆ గురువు జీవితం మనకు బోధించేది ఇదే.