వేలికి తెగిన చిన్న గాయం

మన హాస్టల్లో దెబ్బ తగలనివారు ఎవరున్నారు? చెప్పుల్లేకుండా కబడ్డీ ఆడి బొటనవేలు చితక్కొట్టుకుంటాం. ట్రంకుపెట్టె రేకు చెయ్యి కోస్తుంది. కాస్త పసుపు అద్ది ప్రేయరుకు పరుగెత్తుతాం. వార్డెన్ సారుకు తెలిస్తే ఆట మాన్పిస్తారని దాచినవాళ్ళమూ మనలోనే ఉన్నాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో, వేలికి తెగిన గాయంతో చనిపోయిన ఒక పెద్ద డాక్టరు గురించి రాద్దామనుకున్నాం.

ఆయన డాక్టర్ నార్మన్ బెతూన్. 1890లో కెనడాలోని గ్రేవెన్‌హర్స్ట్‌లో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు. 1926లో క్షయ సోకి, ఇక బతకననుకున్నారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించి దానికి విశ్రాంతినిచ్చే చికిత్స గురించి చదివి, తనకు చేయమని పట్టుబట్టి బాగుపడ్డారు. తర్వాత మాంట్రియల్‌లో ఛాతీ ఆపరేషన్లలో పేరు పొందారు. క్షయకు పేదరికమే పెద్ద కారణమని అక్కడ గ్రహించారు. 1936లో స్పెయిన్ యుద్ధానికి వెళ్ళి, నిలవచేసిన రక్తాన్ని బండిలో గాయపడినవారి దగ్గరికే తీసుకెళ్ళి ఎక్కించే ఏర్పాటు చేశారు. 1938లో, జపాను దాడికి గురైన చైనాకు వెళ్ళారు.

ఆ కొండపల్లెల్లో గుడులూ మట్టి ఇళ్ళే ఆపరేషన్ థియేటర్లు. 1939 ఏప్రిల్‌లో 69 గంటల్లో 115 ఆపరేషన్లు చేశారు. చేతి తొడుగులకు కూడా కరువే. అక్టోబరు చివర్లో హడావుడిగా ఆపరేషన్ చేస్తుండగా ఎడమచేతి మధ్యవేలు తెగింది. లెక్కచేయలేదు. కొద్దిరోజులకే, గాయం బాగా చెడిపోయిన సైనికుడికి వట్టి చేతులతో ఆపరేషన్ చేశారు. వేలు వాచింది, వాపు చేతికి పాకింది, చలిజ్వరం పట్టుకుంది. అయినా యుద్ధం జరిగే చోటికే పోతానని మంకుపట్టు పట్టారు. నవంబరు 12 తెల్లవారుజామున హువాంగ్‌షికౌ పల్లెలో కన్నుమూశారు. వయసు 49. పెన్సిలిన్ అప్పటికింకా మందుగా వాడుకలోకి రాలేదు.

చీము పట్టిన ప్రతి పుండునూ మనం సెప్టిక్ అయిందంటాం. అసలు సెప్సిస్ అంతకంటే చాలా పెద్దది. క్రిములతో పోరాడుతూ శరీరం అదుపుతప్పి తన గుండెను, మూత్రపిండాలను, ఊపిరితిత్తులనే దెబ్బతీసుకుంటుంది. గాయం చుట్టూ ఎరుపు, వేడి, నొప్పి పెరుగుతున్నా, ఎర్రగీతలు పైకి పాకినా, చంకలోనో గజ్జల్లోనో బిళ్ళ కట్టినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. వణుకుతో జ్వరం, లేదా ఒళ్ళు చల్లబడడం, ఆయాసం, గుండెదడ, మూత్రం తగ్గడం, పొంతనలేని మాటలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. అర్ధరాత్రయినా సారును లేపి 108కి ఫోన్ చేయించాలి. జ్వరమొచ్చిన మిత్రుడు మత్తుగా పడుంటే నిద్రపోనీలే అని వదిలేస్తుంటాం. లేపితే సరిగా పలకకపోవడమూ ఒక గుర్తే. ఇది మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

బెతూన్ పేరుపెట్టిన ఆసుపత్రికి 1941లో డైరెక్టరు అయినది మన దేశస్థుడే, షోలాపూర్‌కు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్. ఆయనా 1942 డిసెంబరులో, 32 ఏళ్ళకే అక్కడే చనిపోయారు.